నేరస్థలంలో ఏం చూడాలి, ఎలా చూడాలి: డెల్టా ఊళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

క్లూస్ టీమ్‌లో ఇరవై ఏళ్లకు పైగా తిరిగి రిటైరయ్యాను. తిరగడమంటే ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఊళ్లు, లంకలు, చెరువు గట్లు. ఇప్పుడు డిగ్రీ కాలేజీల వాళ్లూ, అప్పుడప్పుడు సచివాలయాల సిబ్బందీ పిలిచి మాట్లాడమంటారు. చివర్లో వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. కేసుల ప్రస్తావన వచ్చినచోట ఊరు, మనిషి ఎవరో తెలియకుండా వివరాలు తీసేశాను.

క్లూస్ టీమ్ అంటే పోలీసులేనా? ల్యాబ్ వాళ్లా?

దర్యాప్తు చేసేది స్టేషన్ వాళ్లు, అంటే ఎస్‌ఐ, సీఐ. మేం వెళ్లేది స్థలం చూడటానికి. ఫొటోలు తీయడం, వేలిముద్రలు, అడుగుజాడలు, మరకలు వెతికి పట్టుకోవడం, దొరికినవి చెడిపోకుండా ప్యాక్ చేయడం మా పని. వాటిని పరీక్షించేది ఫోరెన్సిక్ ల్యాబ్. శవాన్ని పరీక్షించేది డాక్టరు. ఈ నలుగురి పనీ ఒక్కడే చేసేది సినిమాల్లోనే.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టంలో, 176(3) అని ఒక సెక్షన్ ఉంది. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. ఇందుకు తగ్గ ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. ఈ ఉద్యోగాల గురించి అడిగే పిల్లలు ఈమధ్య ఎక్కువైంది అందుకే.

దీనికి పుట్టుకతోనే చురుకైన కళ్లుండాలా?

అక్కర్లేదు. నాకు ముప్పై ఐదేళ్లకే కళ్లజోడు వచ్చింది. ఆ చోట మామూలుగా ఏది ఎలా ఉంటుందో తెలియడం ముఖ్యం. మామూలు తెలియనివాడికి తేడా కనపడదు. ఇది నాకు ఒక చెరువు గట్టు మీద తెలిసొచ్చింది.

సర్వీసు కొత్తలో ఒక రొయ్యల చెరువు మీద ఏరియేటర్ (నీళ్లకు గాలి అందించే యంత్రం) మోటార్లు పోయాయంటే వెళ్లాం. పుంత రోడ్డు వైపు ట్రాలీ ఆటో టైర్ల గుర్తులు నీటుగా పడి ఉన్నాయి. ఆటోలో ఎత్తుకుపోయారని మనసులో రాసేసుకున్నాను. ఇక గంటసేపు ఆ టైర్ల చుట్టూనే తిరిగాను. కొలిచాను, ఫొటోలు తీయించాను, అచ్చు పోయించాను. కాపలా పెద్దాయన మకాం ముందు కూర్చుని చూసి చూసి, ‘ఆయ్, బాబుగారూ, అది పొద్దున్నే మేత దింపిన ఆటో అండి. ఇటు గడ్డి చూడండి, కాలవకేసి పడుకుంది’ అన్నాడు.

వెళ్లి చూస్తే నిజమే. గట్టు మీద మూరెడు వెడల్పున గడ్డంతా ఒకే వైపుకి వాలి ఉంది. దాని చివర, కాలువ ఒడ్డు బురదలో నావ ముక్కు ఆనిన గుంట. గుర్రపుడెక్క అంతటా చాప పరిచినట్టు ఉంటే అక్కడ మాత్రం చీలి, తెగిన ఆకులు తేలుతున్నాయి. ఇంకో గంట ఆలస్యమైతే ఆ చీలిక కూడా మూసుకుపోయేది.

బరువు ఈడ్చుకెళ్తే గడ్డి పోయిన వైపుకే వాలుతుందని నాకు పుస్తకంలో తెలుసు. ఆ గట్టు రోజూ ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అందుకే ముందు ఆయనకు కనపడింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా అక్కడ రోజూ మసిలే మనిషిని రెండే అడిగేవాణ్ని: నిన్న లేనిది ఇవాళ ఏముంది? నిన్న ఉన్నది ఇవాళ ఏది లేదు?

స్థలానికి చేరగానే మొదట ఏం చేయాలి?

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. నవ్వకండి, నిజంగానే. ఏదో ఒకటి పట్టుకోవాలని చేతులు లాగుతుంటాయి. పడిపోయిన కుర్చీ కనపడితే లేపి నిలబెట్టడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు.

ప్రాణం ఉన్న మనిషి ఉంటే ఆ మనిషిని ఆసుపత్రికి పంపడమే మొదటి పని. ఆధారాలు తర్వాత. చెరువుల మీద, మోటారు షెడ్ల దగ్గర మనిషి పడి ఉంటే ముట్టుకోకముందు కరెంటు కట్టేయాలి. తడి గట్టు మీద తెగిన వైరు కంటికి ఆనదు.

ఆ తర్వాత, ముందు పోయేదాన్ని ముందు చూడాలి. గోడ మీద మరక సాయంత్రం దాకా ఉంటుంది. వాసన, వేడి, వెలుతురు, నీటి మట్టం ఆగవు. గదిలో పురుగుమందు వాసన వస్తోందా, కిరసనాయిలు వాసనా? ఫ్యాను తిరుగుతోందా? టీ గ్లాసులో మీగడ కట్టిందా, గ్లాసు ఇంకా వెచ్చగా ఉందా? తలుపు గడియ ఏ స్థితిలో ఉంది? ఇవన్నీ టైముతో సహా రాసుకోవాలి. మన ఊళ్లలో అరగంటలోపు ఎవరో ఒక పెద్దావిడ వచ్చి ‘కరెంటు దండగ’ అని ఫ్యాను కట్టేస్తుంది. కొట్లాట జరిగినప్పుడు ఫ్యాను తిరుగుతోందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

లోపలికి వెళ్లే దారి కూడా చూసుకోవాలి. నేరం చేసినవాడు నడిచి ఉండడనిపించే వైపు నుంచి ఒక్క దారి పెట్టుకుని అందరూ అందులోనే రావాలి, పోవాలి. ఇంకో సంగతి, తల ఎత్తి చూడటం చాలామందికి గుర్తే రాదు. పెంకుటింట్లో జరిపిన పెంకులు, దూలం మీద దుమ్ములో చేతి గీత పైన ఉంటాయి, మనం నేల వెతుకుతుంటాం.

చూసింది చూసినట్టు రాయడం అంటే ఏమిటి? అదంత కష్టమా?

కష్టమే. ట్రైనింగులో పిల్లలకు ఒక గది చూపించి రాయమంటే పదిమందిలో ఎనిమిది మంది ‘దొంగ కిటికీ పగలగొట్టి లోపలికి వచ్చాడు’ అని మొదలుపెడతారు. దొంగను వీళ్లు చూశారా? ‘ఉత్తరం కిటికీ అద్దం పగిలి ఉంది. పెద్ద ముక్కలు గదిలోపల, కిటికీకి రెండడుగుల్లోపు పడి ఉన్నాయి’ అన్నదే చూసింది. మిగతాది ఊహ. ఊహ ఉండకూడదని కాదు, వేరే పేజీలో ఉండాలి.

‘రక్తం’ అని రాయకూడదు, ‘ముదురు ఎరుపు మరక’ అని రాయాలి. ‘తాగి ఉన్నాడు’ అని రాయకూడదు, ‘నోటి దగ్గర సారా వాసన’ అని రాయాలి. ‘బంగారు గొలుసు’ అంటే కోర్టులో గీటురాయి అడుగుతారు. ‘పసుపు రంగు లోహపు గొలుసు’ అంటే ఎవరూ ఏమీ అనరు. లాయరు మిమ్మల్ని నిలబెట్టి కడిగేది ఇలాంటి మాటల దగ్గరే.

ఎర్రటి మరకలన్నీ రక్తమేనా?

మన ప్రాంతంలో అయితే అస్సలు అనుకోవద్దు. కిళ్లీ ఉమ్ము సంగతి అందరికీ తెలుసు. అరటి కారిన జిగురు బట్ట మీద ఆరితే గోధుమ నలుపు మరకై కూర్చుంటుంది. పాత రక్తపు మరక పక్కన పెడితే కొత్తవాళ్లు తేల్చుకోలేరు. రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు మోసే మనిషి చొక్కా ఎప్పుడైనా దగ్గరగా చూడండి, భయం వేస్తుంది.

ఇక సంక్రాంతి. ఆ మూడు రోజులూ ఎవరి లుంగీ మీద, ఏ కత్తి మీద ఎరుపు కనపడినా తొందరపడకూడదు. అది నిజంగా రక్తమే కావచ్చు, కానీ కోడిది. తాజా రక్తమైతే మైక్రోస్కోపు కింద తేలిగ్గా తేలిపోతుంది: కోడి ఎర్రకణం కోలగా ఉండి మధ్యలో కేంద్రకం ఉంటుంది, మనిషిది గుండ్రంగా, కేంద్రకం లేకుండా ఉంటుంది. ఎండిన మరకైతే మనిషిదా, జంతువుదా అని ల్యాబులో వేరే పరీక్ష చేస్తారు. స్థలంలో మేం వేసే ఫినాల్ఫ్తలీన్ చుక్కకు గులాబీ రంగు వస్తే ‘రక్తం కావచ్చు’ అని మాత్రమే అర్థం. కొన్ని మొక్కల రసాలకూ ఆ రంగు వస్తుంది.

రక్తమే అని తేలాక దాని ఆకారం చెప్పేది చాలా ఉంటుంది. నిటారుగా పడిన చుక్క గుండ్రంగా ఉంటుంది. ఏటవాలుగా తగిలితే కోలగా సాగి, తోక వస్తుంది. తోక సాధారణంగా చుక్క వెళ్లిన దిక్కు చూపిస్తుంది. వెడల్పుని పొడవుతో భాగిస్తే ఎంత కోణంలో తగిలిందో లెక్క కట్టవచ్చు. నున్నటి టైల్స్ మీద అంచు శుభ్రంగా ఉంటుంది, గరుకు గచ్చు మీద అదే చుక్క అంచులు ముళ్లుముళ్లుగా చిట్లుతుంది. అది చూసి ‘ఎత్తు నుంచి పడింది’ అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

నాకు బాగా ఇష్టమైన గుర్తు ఇంకొకటి ఉంది. చుక్క ముందు అంచు దగ్గర ఆరుతుంది, తర్వాత మధ్యలో. కాసేపయ్యాక ఎవరైనా తుడిస్తే మధ్యది పోయి, అంచు గాజులా ఉండిపోతుంది. అలాంటి వలయం కనపడిందంటే రక్తం పడ్డాక కొంతసేపటికి ఎవరో వచ్చి తుడిచారని అర్థం. ‘మేం వచ్చేసరికి ఇలాగే ఉందండి’ అనే మాట అక్కడ నిలబడదు.

ప్యాకింగ్ గురించి ఒక్క ముక్క. రక్తం అంటిన బట్టను నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టి పెడితే కోనసీమ తేమకు బూజు పట్టి కుళ్లిపోతుంది, ల్యాబుకి వెళ్లేసరికి పనికిరాదు.

బురదలో అడుగులు ఎంతవరకు పనికొస్తాయి?

మన ఒండ్రు మట్టి లాంటి మట్టి అడుగుజాడలకు దొరకదు. చేను గట్టు మీద పదునుగా ఉన్నప్పుడు పడిన చెప్పు గుర్తులో అరిగిన మడమ, తెగి కుట్టించిన పట్టీ, అడుగున దిగిన మేకు కూడా అచ్చు పడతాయి. ఒకే కంపెనీ చెప్పులు ఊళ్లో వందమంది వేసుకోవచ్చు. ఇద్దరి చెప్పులు ఒకేలా అరగవు.

గుర్తు కనపడితే ముందు ఫొటో. కెమెరా నేలకు నిటారుగా పైనుంచి ఉండాలి, పక్కన స్కేలు పెట్టాలి. టార్చి మాత్రం పైనుంచి వేయకూడదు. నేలకు దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే గుంటల్లో నీడ పడి గీతలన్నీ తేలతాయి. ఇది ఇంట్లో చాప మీద కూడా చేసి చూడవచ్చు. ఆ తర్వాతే అచ్చు పోయడం.

ఒక్క అడుగు కంటే వరస అడుగులు ఎక్కువ చెబుతాయి. పరుగెత్తితే అంగల మధ్య దూరం పెరుగుతుంది, ముందుపాదం లోతుగా దిగుతుంది. ‘వీడు బరువు మోస్తున్నాడు’ అని ఒక్క అడుగు లోతు చూసి చెప్పేవాళ్లను నేను నమ్మను. మట్టి తడి అడుగడుగుకీ మారుతుంది.

నవంబరు నుంచి జనవరి దాకా ఇంకో సాక్షి ఉంటుంది, మంచు. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పరుచుకుని తెల్లగా కనపడుతుంది. ఎవరైనా నడిచి ఉంటే అంతమేర పచ్చటి చార పడుతుంది. ఏడున్నరకి ఎండ తగిలిందా, అయిపోయింది. ఒక కొబ్బరి తోటలో మేం చేరేసరికి అలాంటి చార ఒకటి మకాం నుంచి బోదె దాకా వెళ్లి అక్కడ ఆగింది. తిరుగు చార లేదు. ఫొటోగ్రాఫర్ బ్యాటరీ మార్చుకునేలోపే సగం మాయమైంది. ఉన్న సగం ఫొటోయే ఆ కేసులో పనికొచ్చింది.

మట్టి చూసి మనిషి ఎక్కడ తిరిగాడో చెప్పగలరా?

ఫ్రాన్సులో ఎడ్మండ్ లోకార్డ్ అనే ఆయన 1910లో లియాన్ నగరంలో పోలీసు ల్యాబు పెట్టాడు. రెండు వస్తువులు తాకితే ఒకదానిది ఇంకోదానికి అంటుతుందని ఆయన సూత్రం. మన భాషలో చెప్పాలంటే ఊక మిల్లుకి వెళ్లినవాడికి ఊక అంటుతుంది, పీచు యార్డుకి వెళ్లినవాడికి పీచు అంటుతుంది. చెరువు అడుగు నల్లబురద వేరు, అంతర్వేది వైపు ఇసుక వేరు, లంక మేట వేరు. ప్యాంటు మడతలో, గోళ్ల కింద, బండి మడ్‌గార్డు లోపల వెతకాలి. పోల్చడానికి స్థలంలోని మట్టి కూడా తీసుకోవాలి. కొత్తవాళ్లు ఇదే మర్చిపోతారు.

కాలువలోనో, చెరువులోనో శవం దొరికితే మునిగి చనిపోయారా, చంపి పడేశారా ఎలా తెలుస్తుంది?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చుట్టూ నీళ్లే కదా.

తేల్చేది పోస్టుమార్టం చేసే డాక్టరు, ల్యాబు. స్థలంలో మేం చూసేవి కొన్ని ఉన్నాయి. ముక్కు దగ్గర, నోటి దగ్గర సబ్బు నురగ లాంటి సన్నటి తెల్లటి నురగ ఉందా? మునిగినప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు, గాలి కలిసి వస్తుంది అది. తుడిచినా మళ్లీ రావచ్చు. శవాన్ని ఒడ్డుకు తీయగానే ఎవరో పాపం అనుకుని మొహం కడిగేస్తారు. అప్పుడు చూడ్డానికి ఏమీ మిగలదు.

పిడికిళ్లు చూడాలి. గుర్రపుడెక్క వేళ్లో, నాచో, ఒడ్డున గడ్డో గట్టిగా పట్టుకుని ఉంటే నీళ్లలో పడేటప్పటికి ప్రాణం ఉందనడానికి బలమైన గుర్తు. అరచేతులు, అరికాళ్ల చర్మం ముడతలు పడి తెల్లబడటం మాత్రం శవాన్ని నీళ్లలో వేసినా జరుగుతుంది. నీళ్లలో ఉన్నాడని తప్ప అది ఇంకేమీ చెప్పదు. చేపలు, పీతలు కొరికిన గాట్లు చూసి కత్తి గాయాలని ఊళ్లో పుకారు లేవడం నేను కనీసం నాలుగైదుసార్లు చూశాను.

డయాటమ్స్ మాట రొయ్య రైతులకు కొత్త కాదు. నీళ్ల రంగు చూసి డయాటమ్స్ బాగున్నాయా లేదా అని భీమవరం వైపు చెరువు గట్టు మీద రోజూ మాట్లాడుకునేదే. కంటికి కనపడని ఈ నాచు జీవులకు సిలికా గుల్ల ఉంటుంది. బతికుండగా నీళ్లు ఊపిరితో లోపలికి పీల్చుకుంటే అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఎముక మజ్జలోకి చేరతాయి. గుండె ఆగిపోయాక పడేస్తే అంత దూరం వెళ్లవు. ల్యాబులో తొడ ఎముక మజ్జ చూసేది అందుకే. దొరికిన రకాలు ఆ నీళ్లలో ఉన్నవేనా అని పోల్చాలంటే ఆ నీళ్లు కావాలి. శవం తేలిన చోట ఒక సీసా, పడి ఉండవచ్చు అనుకున్న చోట ఇంకో సీసా, శుభ్రమైన సీసాల్లో, చోటు, టైము రాసి పట్టుకోవాలి. పరీక్షలో డయాటమ్స్ దొరకనంత మాత్రాన మునగలేదని చెప్పలేం. ఈ పరీక్ష మిగతా వాటితో కలిపి చూడాల్సిందే.

తేలిన చోటే పడిన చోటు అనుకోవద్దు. పంట కాలువలో శవం నీటివాలుకు పోయి తూము దగ్గరో, లాకుల దగ్గరో ఆగుతుంది. నరసాపురం దిగువన, యానాం దగ్గర అయితే ఆటుపోట్లు. పోటు సమయంలో నీరు పైకి ఎదురు తన్నుతుంది. పొద్దున శవం కనపడిన చోటు నుంచి పైకే వెతికితే సరిపోదు, కిందికి కూడా వెతకాలి. అందుకే ఆ రోజు పోటు టైము మొదటి పేజీలోనే రాసుకోవాలి. ఆ లెక్క వేటకు వెళ్లేవాళ్లే మనకంటే బాగా చెబుతారు. యానాం పుదుచ్చేరి కిందిది కాబట్టి పాయకు ఈ ఒడ్డున ఒక పోలీసు, ఆ ఒడ్డున ఇంకో పోలీసు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకుండా ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాలని నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దాన్నే.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా వాళ్లకు చేతినిండా పని. ఏడాదిగా నీళ్లు దాచినవన్నీ బయటపడతాయి.

ఇంట్లో దొంగతనం నిజంగా బయటివాళ్లు చేసిందా, ఇంటివాళ్ల పనా?

ఇది నేర్చుకోవడానికి మంచి ప్రశ్న, ఊళ్లో అడక్కూడని ప్రశ్న.

ఒక పాత మండువా ఇంట్లో పెరటి కిటికీ ఊచ వంచి దొంగ వచ్చాడన్నారు. ఊచ వంగి ఉన్న మాట నిజం. ఆ సందులో సాలెగూడు ఉంది. చెక్కుచెదరలేదు, దాని మీద పాత దుమ్ము, ఎండిన దోమలు. మనిషి దూరిన సందులో నిన్నటి గూడు ఉండదు కదా. ఇంటిపెద్ద చూపించిన కిటికీ వదిలేసి మిగతా ఇల్లు చూడటం మొదలుపెట్టాం.

ఇంకా చూసేవి: బీరువా సొరుగులు. అలవాటున్న దొంగ సాధారణంగా కింది సొరుగు నుంచి లాగుతాడు. పైది ముందు లాగితే కిందది చూడటానికి దాన్ని మళ్లీ మూయాలి, అంత ఓపిక వాడికి ఉండదు. అద్దం పగిలితే పెద్ద ముక్కలు దెబ్బ వెళ్లిన వైపుకి పడతాయి, సన్నటి నలకలు కొన్ని వెనక్కి ఎగిరి కొట్టినవాడి మీదే పడతాయి. గునపం పెట్టి తలుపు పెకలిస్తే చెక్క మీద దాని మొన అచ్చు ఉంటుంది, ఆ అచ్చులో మొన మీది నొక్కులూ ఉంటాయి. బీరువా పైన దుమ్ములో శుభ్రంగా ఉన్న చదరపు చోటు అక్కడి పెట్టె ఈమధ్యే పోయిందని చెబుతుంది. ఇంట్లో కనపడనివి కూడా రాసుకోవాలి. తాళంచెవుల గుత్తి మేకుకి లేదంటే అది ఎవరికి తెలిసిన మేకు?

ఇంత తోట, ఇంత చేను ఎలా వెతుకుతారు?

గదైతే గోడవారగా మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి. వరిచేనైతే మనుషుల్ని వరసగా నిలబెట్టి, చేతులు చాపితే తగిలేంత దూరంలో, ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి. కొబ్బరి తోట మాకు వరం. పాతిక అడుగులకొక చెట్టు వరసల్లో ఉంటుంది, గళ్లు గీయక్కర్లేదు. నాలుగు చెట్ల మధ్య ఒక గడి, గడికొక నంబరు, మనిషికొక వరస. ఒకసారి నిలువు, ఇంకోసారి అడ్డం. ఎండు మట్టలు, డొక్కల గుట్టలు తిరగేయాల్సిందే. పాములున్నాయి, కర్ర పట్టుకుని.

ఫోన్‌తో తీసిన ఫొటోలు పనికొస్తాయా?

వస్తాయి, పద్ధతిగా తీస్తే. దూరం నుంచి మొత్తం, మధ్య దూరం నుంచి వస్తువు దేని పక్కన ఉందో, దగ్గర నుంచి వస్తువు మాత్రమే. దగ్గరది ఒకసారి స్కేలు లేకుండా, ఒకసారి స్కేలుతో. చాలామంది దగ్గరవే తీస్తారు. ఇంటికెళ్లాక చూసుకుంటే ఆ కత్తి వంటింట్లోదా, వీధి అరుగు మీదిదా వాళ్లకే తెలియదు.

వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, వివరాలు పోతాయి. అసలు ఫైలు అలాగే ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే గుర్తు సంఖ్య) కూడా రాయాలి.

వేలిముద్రలు ప్రతిచోటా దొరుకుతాయా?

దొరకవు. నున్నటి గాజు, స్టీలు, పాలిష్ చెక్క అయితే ఆశ ఉంది. కొబ్బరి తాడు, గరుకు గోడ, మట్టికుండ అయితే కష్టం. తడి వస్తువు మీద పొడి చల్లితే పేస్టవుతుంది, దానికి వేరే ద్రావణం వాడాలి. కాగితం మీద నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వేస్తే ఊదారంగులో తేలుతుంది. గ్లవుజులు లేకుండా వస్తువు ఎత్తిన ఎస్‌ఐ గారి ముద్రలే బాగా దొరికిన రోజులూ ఉన్నాయి.

ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టింది 1897లో, మన కలకత్తాలో. అక్కడి వర్గీకరణ పద్ధతి వెనక కష్టం అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. పేరు మాత్రం పై ఆఫీసరు హెన్రీ గారిది అయింది. ఆఫీసుల్లో ఇది కొత్తేమీ కాదు.

అనుభవం ఉన్నవాళ్లు పొరబడరా?

బాగా పొరబడతారు. 2004 మార్చిలో స్పెయిన్‌లోని మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక, అక్కడ దొరికిన ఒక వేలిముద్ర అమెరికాలోని ఒక లాయరుదని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చేశారు. ఆయన్ని నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు కాదు కాదంటూ చివరికి అది వేరే మనిషిదని చూపించారు. చూసినవాళ్లు అనుభవం లేనివాళ్లేం కాదు. ఒకరు అవునన్నాక రెండో నిపుణుడు చూసేది ముద్రను కాదు, మొదటివాడి మాటను.

చెరువు గట్టు మీద నా టైర్ల సంగతి కూడా ఇదే జబ్బు. అందుకే స్థలానికి వెళ్లే దారిలో జీపులో ‘ఇది అల్లుడి పనే సార్’ లాంటి కబుర్లు వినిపిస్తే నేను కిటికీ వైపు తిరిగిపోయేవాణ్ని. పొగరు అనుకునేవాళ్లు.

పోలీసు కుక్క వాసన చూసి దొంగ ఇంటి ముందు ఆగితే అది రుజువేనా?

కాదు. దర్యాప్తుకి దారి చూపిస్తుంది, అంతే. పైగా రెండు వందల మంది తొక్కిన చోట కుక్క మాత్రం ఏం చేస్తుంది?

మధ్యవర్తిగా సంతకం పెట్టమంటున్నారు. భయపడాలా?

స్థలంలో చూసింది, దొరికింది సాక్షుల ముందు రాసే పంచనామాకి స్థానికులు కనీసం ఇద్దరు కావాలి, వాళ్లనే మధ్యవర్తులంటారు. సంతకం పెడితే రేపు కోర్టుకు పిలవవచ్చు, అంతకు మించి టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే చదివి పెట్టండి. వస్తువు దొరికిన చోటు మీరు చూసిన చోటేనా? కొలతలు మీ ముందే తీశారా? సీలు మీ ముందే వేశారా? టైము సరిగ్గా రాశారా? చూడనిది రాసి ఉంటే ‘నేను ఇది చూడలేదండి’ అని చెప్పే హక్కు మీకు ఉంది. ఏడేళ్ల తర్వాత బోనులో తడబడటం కంటే ఆ పూట మొహమాటం వదిలేయడం తేలిక.

చూపు పెరగడానికి ఇంట్లో ఏం చేయాలి?

మీ వీధి తలుపు గడియ ఏ వైపుకి జరుగుతుందో చూడకుండా చెప్పండి. మెట్లెన్ని? చాలామందికి రాదు. రోజుకో చోటు ఎంచుకుని, పంటు రేవో, టీ కొట్టో, ఐదు నిమిషాలు చూసి, పక్కకొచ్చి పది వాక్యాలు రాయండి. వాటిలో ‘అనుకుంటా’, ‘లాగా ఉంది’, ‘కోపంగా’ లాంటి మాటలు కొట్టేసి ఎన్ని మిగిలాయో చూసుకోండి. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి మొదటి రోజు రెండే మిగిలాయి. నెల తిరిగేసరికి తొమ్మిది.

మీ అంగ ఎన్ని అంగుళాలో, జానెడు ఎంతో టేపుతో కొలిచి గుర్తుపెట్టుకోండి. టేపు లేని చోట అవే కొలతలు. బొమ్మ గీయడం రాకపోయినా స్కెచ్ వేయండి. గీసేటప్పుడు గోడకి కిటికీ ఎంత దూరమో చూడక తప్పదు.

ఏం చదివితే ఈ పనిలోకి రావచ్చు?

ఇంటర్‌లో సైన్సు, ఆపైన కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ లేదా నేరుగా ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీ. హైదరాబాదులో ఉస్మానియాలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ ఉంది. గుజరాత్ గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా వచ్చింది. ఉద్యోగ నోటిఫికేషన్లు అరుదుగా పడతాయి కాబట్టి కెమిస్ట్రీ మీద పట్టు వదులుకోవద్దు. ఫార్మా కంపెనీలైనా తీసుకుంటాయి.

ఏదైనా జరిగితే ఊళ్లోవాళ్లం మేమేం చేయాలి? వాన మొదలైతే?

112కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి పంపండి. తలుపులు దగ్గరికి వేసి, ఒక మనిషిని అక్కడ నిలబెట్టి, మిగతావాళ్లను వీధి చివరికి పంపండి. కడగొద్దు, ఊడవొద్దు, కళ్లాపి చల్లొద్దు. ఎవరు లోపలికి వెళ్లారో ఒక కాగితం మీద రాసి ఉంచితే మేం వచ్చాక మీకు కాఫీ మేమే ఇప్పిస్తాం.

వాన మొదలైతే అడుగుజాడ మీద ప్లాస్టిక్ బేసినో, బకెట్టో బోర్లించండి, ఎగిరిపోకుండా పైన ఇటుక పెట్టండి. పట్టా కప్పితే బరువుకి గుర్తు అణిగిపోతుంది. చూరు నీళ్లు అటు పారుతుంటే పారతో చిన్న బోదె తీసి పక్కకి మళ్లించండి. బోదె ఎక్కడ తీశారో గుర్తుపెట్టుకుని మాకు చెప్పండి, లేకపోతే మీ పార గుర్తును కూడా కొలిచి రాసుకుంటాం.